కళ్లు లాగుతున్నాయా? కళ్లజోడా, మానిటరా, చుక్కల మందా: దేనికి ముందు ఖర్చు పెట్టాలి

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం, కుందలహళ్లి పీజీల్లో ఉండే మనవాళ్లు ఎవరైనా కళ్లు లాగుతున్నాయంటే పక్క మంచం మీంచి వచ్చే మొదటి సలహా "బ్లూ కట్ కళ్లజోడు తీసుకో". రెండోది "మెడికల్ షాపులో చుక్కలు అడుగు". రెండింటికీ డబ్బులవుతాయి. రెండూ చాలాసార్లు అసలు కారణాన్ని తాకవు. స్క్రీన్ ముందు కళ్లు అలసిపోవడానికి కారణాలు మూడు నాలుగుంటాయి. ఒకదానికి పనికొచ్చే వస్తువు ఇంకోదానికి దండగ. అందుకని ఏం కొనాలో ఆలోచించే ముందు మీది ఏ రకం బాధో పట్టుకోవాలి.

బాధ ఏ రకం?

మంట, దురద, ఇసుక పడ్డట్టు గరగర, మధ్యాహ్నం దాటితే ఎరుపు ఉంటే అది పొడిబారడం. అక్షరాలు మసకబారినప్పుడు రెండుసార్లు గట్టిగా రెప్పలార్పి చూడండి. మసక వెంటనే పోతే అనుమానమే అక్కర్లేదు. కొందరికి కళ్లెంట నీళ్లు కారతాయి. "నీళ్లు కారుతుంటే పొడి ఎలా అవుతుంది?" అంటారు కానీ, కన్ను ఎండి మండినప్పుడు వచ్చే ఆ నీళ్లు పలచటివి. కంటి మీద నిలవకుండా చెంప మీదికి జారిపోతాయి.

కనుబొమల పైన బరువు, కళ్లను లోపలికి లాగుతున్నట్టు నొప్పి, స్క్రీన్ మీంచి తలెత్తి దూరంగా ఉన్న గోడ గడియారం చూస్తే కొన్ని క్షణాలు మసక ఉంటే అది ఫోకస్ సమస్య. అంటే పవర్ లెక్క. చుక్కల మందు ఎన్ని సీసాలు వేసినా ఇది తగ్గదు.

ఒకే కుర్చీలో, ఒకే వేళప్పుడు మాత్రమే కళ్లు చిట్లించుకోవాల్సి వచ్చి నుదురు నొప్పి పుడితే అది వెలుతురు సమస్య. దీనికి పైసా ఖర్చు లేకపోవచ్చు. బల్లను పక్కకు తిప్పితే పోతుంది.

చాలామందికి వీటిలో రెండు కలిసే ఉంటాయి. ఎక్కువ బాధ పెట్టేదాన్ని ముందు పట్టుకోండి.

కళ్లజోడు: బ్లూ కట్‌తో మొదలుపెట్టొద్దు

బ్లూ కట్ అద్దాలు ఆపేది నీలి కాంతిని. స్క్రీన్ నుంచి వచ్చే నీలి కాంతి పగటి వెలుతురులో ఉండే నీలి కాంతి ముందు చాలా తక్కువ. కళ్లు లాగడానికి కారణం అది కాదు. 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 17 పరీక్షలను కలిపి సమీక్షించి, బ్లూ కట్ అద్దాలు పెట్టుకున్నవాళ్లకూ మామూలు అద్దాలు పెట్టుకున్నవాళ్లకూ కంటి అలసటలో తక్కువ కాలంలో తేడా ఉండకపోవచ్చని తేల్చింది. అమెరికా కంటి వైద్యుల సంఘం కూడా కంప్యూటర్ పని కోసం వీటిని సిఫార్సు చేయదు. దుకాణంలో నీలి లేజర్ టార్చి వేసి కాగితం మీద కాంతి ఆగిపోవడం చూపిస్తారు. అద్దం నీలి కాంతిని ఆపుతుందన్నది నిజమే. ఆ కాంతి మీ కంటికి హాని చేస్తోందన్నది మాత్రం ఆ టార్చి రుజువు చేయదు. పైగా ఈ అద్దాలు తెలుపును కాస్త పసుపు చేస్తాయి. డిజైన్ పనిలో ఉన్నవాళ్లకు అది నష్టమే.

పవర్ అద్దాలు ఎలాగూ చేయిస్తుంటే మామూలు యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ తీసుకోండి. మీ వెనకున్న ట్యూబ్‌లైటు అద్దంలో మెరిసి కంట్లో పడకుండా అది ఆపుతుంది. స్క్రీన్ మీద పడే కిటికీ మెరుపును మాత్రం ఇది కూడా ఆపదు.

అసలు డబ్బు పెట్టాల్సింది సరైన పవర్ మీద. 0.50, 0.75 సిలిండర్ పవర్‌ను (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు రాసేది) "చిన్నదే కదా, అక్కర్లేదు" అని కొట్టిపారేస్తుంటారు. రోడ్డు మీద నడిచేవాడికి అక్కర్లేదేమో గానీ రోజుకు పది గంటలు సన్నటి అక్షరాలు చదివేవాడికి అది లెక్కలోకి వస్తుంది. కుర్రవాళ్లలో ఇంకో చిక్కుంది. చిన్న ప్లస్ పవర్ ఉన్నవాళ్లు బోర్డు మీద ఆఖరి వరుస కూడా గడగడా చదివేస్తారు. దాంతో 6/6, అంటే చూపు బాగానే ఉంది అని రాసి పంపేస్తారు. కానీ వాళ్ల కన్ను ఆ ప్లస్‌ను లోపలి కండరంతో రోజంతా మోస్తూ ఉంటుంది. సాయంత్రం తలనొప్పి అందుకే. ఇది బయటపడాలంటే కంట్లో చుక్కలు వేసి కండరాన్ని సడలించి చేసే పరీక్ష కావాలి.

పరీక్షకు ఎప్పుడు వెళ్తున్నారన్నది కూడా ముఖ్యమే. ఆఫీసు అయ్యాక రాత్రి ఎనిమిదికి మాల్‌లో ఉన్న దుకాణంలో చూపించుకుంటే, రోజంతా బిగుసుకున్న కండరం వల్ల మైనస్ పవర్ ఉన్నదానికంటే ఎక్కువ తేలే ప్రమాదం ఉంది. ఆ అద్దాలతో దూరం బాగానే కనిపిస్తుంది, దగ్గరి పనికి మాత్రం లాగుడు పెరుగుతుంది. శనివారం పొద్దున్నే, ఫోను కూడా చూడకముందు వెళ్లండి. పండక్కి ఊరెళ్లినప్పుడు చేయిద్దాంలే అని వాయిదా వేసేవాళ్లు రాత్రి బస్సు దిగి నిద్ర లేకుండా నేరుగా వెళ్లకండి. ఒక రోజు ఆగండి.

వెళ్లేముందు టేపుతో కంటి నుంచి స్క్రీన్‌కు దూరం కొలిచి ఆ అంకె పవర్ చూసే ఆప్టోమెట్రిస్టుకు చెప్పండి. 62 సెంటీమీటర్లో, 55 సెంటీమీటర్లో, ఆ అంకె లేకపోతే ఆయన పుస్తకం దూరానికే పవర్ రాస్తాడు. అలాగే పెన్ను మొనను ముక్కు వైపు మెల్లగా తెచ్చి చూసుకోండి. 10 సెంటీమీటర్లకు ముందే మొన రెండుగా కనిపిస్తే ఆ మాటా చెప్పండి. రెండు కళ్లూ దగ్గరకు తిరగడంలో బలహీనత అది. దానికి అద్దాలకంటే వ్యాయామాలు బాగా పనిచేస్తాయి.

నలభై దాటినవాళ్లకు

చత్వారం మొదలైనవాళ్ల ఎంపిక వేరు. చిక్కంతా ఇక్కడే. దూరానికి పవర్ లేని మనిషి +2.00 చదువు అద్దాలు పెట్టుకుంటే స్పష్టంగా కనిపించేది 50 సెంటీమీటర్ల వరకే. అది అద్దం పెట్టే హద్దు. స్క్రీన్ 65 సెంటీమీటర్ల దూరంలో ఉంటే మసక. తెలియకుండానే మెడ ముందుకు చాచి కూర్చుంటారు. నెల తిరిగేసరికి కళ్లతో పాటు భుజాలూ పట్టేస్తాయి. +1.50 అద్దాలకైతే ఆ హద్దు 66 సెంటీమీటర్లు, కాబట్టి కంప్యూటర్ పవర్ చదువు పవర్‌కంటే తక్కువగానే ఉండాలి.

దూరం, మధ్య, దగ్గర మూడు పవర్లూ గీత లేకుండా ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాల్లో కంప్యూటర్ దూరానికి దొరికేది మధ్యలో సన్నటి దారి మాత్రమే. అది కంటి పాపకు కింద ఉంటుంది. మానిటర్ ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తి చూడాలి. రోజుకు రెండు మూడు గంటలే స్క్రీన్, మిగతా అంతా మీటింగులూ ప్రయాణాలూ అయితే ప్రోగ్రెసివ్ సుఖం. ఆరు గంటలు దాటితే కంప్యూటర్ దూరానికే చేసిన సింగిల్ విజన్ జోడు ఒకటి ఆఫీసు సొరుగులో పెట్టుకోండి. ఖర్చు తక్కువ, చూపు వెడల్పు పూర్తిగా దొరుకుతుంది. కాగితాలూ స్క్రీనూ ఎదుటి మనిషీ మూడూ కావాలంటే ఆఫీస్ లెన్స్ అని అమ్మే రకం అడగండి. అది దగ్గర నుంచి గది దూరం దాకా కనిపిస్తుంది. దాన్ని పెట్టుకుని బండి మాత్రం నడపకూడదు. బైఫోకల్ స్క్రీన్‌కు దాదాపు పనికిరాదు. దాని కింది భాగం పుస్తకానికి, పై భాగం దూరానికి, స్క్రీన్ ఆ రెంటికీ నడుమ పడిపోతుంది.

దూరానికి మైనస్ 1.50 ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక లాభం ఉంది. జోడు తీసేస్తే 66 సెంటీమీటర్లు వాళ్లకు వాటంతటవే స్పష్టం.

చుక్కల మందు

పొడిబారడమే మీ బాధ అయితే మొదటి కారణం రెప్పలార్పకపోవడం. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా ఆర్పే రెప్పలు స్క్రీన్ ముందు అయిదారుకు పడిపోతాయి. అవీ సగం సగం మూసుకునేవే. పై రెప్ప కింది రెప్పను తాకితేనే నూనె గ్రంథుల నుంచి నూనె వచ్చి కన్నీటి మీద పొరగా పరుచుకుంటుంది, తడి ఆవిరైపోకుండా ఉంటుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరం 20 సెకన్లు చూడమనే సలహా అందరూ వినే ఉంటారు. దానికి ఒకటి కలపండి: ఆ 20 సెకన్లు అయ్యాక పది సార్లు కళ్లు పూర్తిగా మూసి, రెండు సెకన్లు ఆపి తెరవండి. మనసులో గుర్తుంచుకుంటామంటే కుదరదు. టైమర్ పెట్టాల్సిందే.

ఇక షాపులో ఏది అడగాలి? కళ్లు తడిపే చుక్కలు అని అడిగితే ఎక్కువగా ఇచ్చేది కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, డాక్టరు చీటీల మీద సీఎంసీ అని ఉంటుంది. 0.5 శాతం పలచన. వేశాక మసక ఉండదు, పనివేళకు బాగుంటుంది. 1 శాతం చిక్కన. ఎక్కువసేపు నిలుస్తుంది గానీ కొన్ని నిమిషాలు మసకబారుస్తుంది, రాత్రికి మంచిది. సోడియం హయలురోనేట్ చుక్కలు కొంచెం ఖరీదు, సీఎంసీతో ఉపశమనం చాలనివాళ్లు మారొచ్చు. ముందే దానితో మొదలుపెట్టాల్సిన పని లేదు.

మందు పేరుకంటే ప్రిజర్వేటివ్ (సీసాలో క్రిములు పెరగకుండా కలిపేది) సంగతి ముఖ్యం. మామూలు సీసాల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ వంటిది ఉంటే, రోజుకు నాలుగు సార్లు మించి వేసేకొద్దీ అదే కంటి పైపొరను రేపుతుంది. మంట తగ్గాలని మరింత వేస్తారు, మంట మరింత పెరుగుతుంది. రోజుకు రెండు మూడు సార్లు చాలితే మామూలు సీసా సరిపోతుంది. అంతకు మించితే ప్రిజర్వేటివ్ లేని చిన్న చిన్న వయల్స్ తీసుకోండి. మామూలు సీసా అయితే తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాసి, నెల కాగానే సగం మిగిలినా పారేయండి.

కింది రెప్పను కాస్త లాగి ఒక్క చుక్క వేసి, నిమిషం కళ్లు మూసుకుంటే చాలు. ఒక చుక్కే కంటి సందుకు ఎక్కువ, రెండోది చెంప మీద కారిపోయేదే. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు లెన్స్ తీసి వేసుకుని, పావుగంట ఆగి మళ్లీ పెట్టుకోవాలి. సాయంత్రం నాలుగు తర్వాత లెన్సులు తీసి జోడుకు మారడం చుక్కలకంటే మేలు.

రెండు రకాల చుక్కలు మాత్రం మీ అంతట మీరు వద్దు. ఎరుపు పోగొట్టే నాఫజోలిన్ లాంటివి నిమిషాల్లో కళ్లు తెల్లగా చేస్తాయి. రోజుల తరబడి వాడి ఆపగానే ఎరుపు మరింతగా తిరిగిరావచ్చు. స్టెరాయిడ్ చుక్కలు ఇంకా ప్రమాదం. చీటీ లేకుండా నెలలు వాడితే కంటి ఒత్తిడి పెరిగి కంటి నరం దెబ్బతినే గ్లకోమా రావచ్చు, శుక్లం కూడా రావచ్చు. "నాకు పోయినసారి పనిచేసింది" అని రూమ్మేటు ఇచ్చే సగం వాడిన సీసా ఈ కోవలోదే కావచ్చు. ఇంట్లో చెప్పే ఆముదం, తేనె, పన్నీరు కూడా కంట్లోకి వద్దు. అవి క్రిములు లేనివి కావు. కీరదోస ముక్క మూసిన రెప్ప మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంతే.

పొద్దున్న లేవగానే రెప్పల అంచులు అంటుకుంటున్నా, అంచున నురుగు కనిపించినా చుక్కలకంటే కాపడం మేలు. శుభ్రమైన గుడ్డను చెయ్యి పట్టగలిగేంత వేడినీళ్లలో ముంచి, పిండి, మూసిన రెప్పల మీద మొత్తం ఎనిమిది నిమిషాలు ఉంచాలి. గుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతుంది, మళ్లీ ముంచాలి. చాలామంది ఒక్కసారి పెట్టి వదిలేస్తారు, గ్రంథుల్లో గడ్డకట్టిన నూనె కరగదు. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి వేలితో మెల్లగా నిమరండి.

గాలి

బెంగళూరు ఊరు చల్లన కాబట్టి కళ్లకు మంచిదనుకుంటారు. కానీ జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడి గాలి బాగా పొడి. మధ్యాహ్నాలు మరీను. చెన్నైలో ఉన్నవాళ్లు బయట చెమటలు కారుతున్నా లోపల ఏసీ కింద అదే పొడి గాలి తింటారు. ఏసీ గాలి మొహం మీద పడితే సీటు మార్పించుకోండి, కుదరకపోతే గాలి తలుపును పైకి తిప్పించండి. పీజీలో మంచానికి నేరుగా పైన ఫ్యాను ఉంటే ల్యాప్‌టాప్ పట్టుకుని కాళ్ల వైపుకు మారండి. గదిలో తేమ పెంచే హ్యూమిడిఫయర్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: ఇక్కడి బోరు నీళ్లలో, ట్యాంకర్ నీళ్లలో ఉప్పు ఎక్కువ. అల్ట్రాసోనిక్ రకంలో ఆ నీళ్లు పోస్తే బల్ల మీద, స్క్రీన్ మీద తెల్లటి పొడి దిగుతుంది. ఆర్వో నీళ్లే పోయాలి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే చాలు. బండి మీద ఔటర్ రింగ్ రోడ్డు దాటేవాళ్లు హెల్మెట్ గాజు కిందికి దించుకోండి. పొద్దున్నే దుమ్ముతో ఎండిన కన్ను ఆఫీసులో రోజంతా మండుతుంది.

మానిటరా, ల్యాప్‌టాపేనా?

ల్యాప్‌టాప్‌కు స్క్రీనూ కీబోర్డూ అతుక్కుని ఉంటాయి. చేతులకు సరిపోయే చోట పెడితే కంటికి దగ్గర, కిందికి వంగాలి. కంటికి సరిపోయే చోట పెడితే చేతులు గాల్లో. అందుకే మొదటి కొనుగోలు మానిటర్ కాదు, విడి కీబోర్డు, మౌసు. ల్యాప్‌టాప్ కింద స్టాండో, నాలుగు లావు పుస్తకాలో పెట్టండి. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకు సమానంగా గానీ కాస్త కింద గానీ, దూరం 50 నుంచి 70 సెంటీమీటర్లు. కంటికంటే పైకి మాత్రం వద్దు. పైకి చూసినప్పుడు కన్ను పెద్దగా తెరుచుకుని తడి త్వరగా ఆరిపోతుంది.

మానిటర్ కొనే స్తోమత ఉంటే పరిమాణంకంటే అక్షరం ఎంత నున్నగా ఉంటుందో చూడండి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి సుమారు 92 చుక్కలు (పిక్సెళ్లు). అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాలకు సాగదీస్తే 82కి పడిపోయి అక్షరం అంచులు గరుకుగా కనిపిస్తాయి. పెద్దది చౌకగా వస్తోందని ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. 27 కావాలంటే 1440 (2560×1440) రకం, అంటే అంగుళానికి 109 చుక్కలు. మ్యాక్ వాడేవాళ్లకు ఇంకొంచెం కష్టం. 2018లో వచ్చిన మొజావే అనే మ్యాక్ వెర్షన్ నుంచి ఆపిల్ అక్షరాలను నున్నగా చేసే పాత పద్ధతి తీసేసింది కాబట్టి తక్కువ సాంద్రత మానిటర్ల మీద అక్షరాలు పలచగా, మసగ్గా ఉంటాయి. వాళ్లకు 27 అంగుళాల 4కే సుఖం. విండోస్ వాళ్లు స్టార్ట్‌లో క్లియర్‌టైప్ అని వెతికి, అది చూపించే నమూనాల్లో తమ కంటికి స్పష్టమైనది ఎంచుకుంటే ఉచితంగా సగం తేడా వస్తుంది. అక్షరం సైజు 125 శాతానికి పెంచుకోవడానికి మొహమాటపడకండి.

కొనేముందు దుకాణంలోనే ఒక పరీక్ష చేయొచ్చు. మానిటర్ బ్రైట్‌నెస్ 20కి తగ్గించి తెల్ల పేజీ తెరవండి. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతుకు పెట్టి చూడండి. నల్లటి పట్టీలు కదులుతూ కనిపిస్తే ఆ తెర వెలుతురు తగ్గించడానికి ఆరి వెలుగుతోందన్నమాట. కొందరికి దీనివల్లే తలనొప్పి, అందరికీ కాదు. ఓలెడ్ ఫోన్లలో ఇది మామూలు. అలాంటి ఫోను చీకట్లో తక్కువ బ్రైట్‌నెస్‌లో చదవకుండా దీపం వేసుకుని చదవడం నయం. మెరిసే తెరకంటే మ్యాట్ తెర, కిటికీ ఉన్న గదికి తప్పనిసరి. వంపు తిరిగిన వెడల్పాటి మానిటర్ కళ్లకు ప్రత్యేకంగా చేసే మేలేమీ లేదు.

వెలుతురు, డార్క్ మోడ్

మానిటర్ ఆపేసి ఆ నల్ల తెరలోకి చూడండి. కిటికీ గానీ ట్యూబ్‌లైటు గానీ మీ మొహం వెనక మెరుస్తోందా? అదే మీరు రోజంతా తప్పించుకుంటూ చదువుతున్న మెరుపు. కిటికీ మీకు ఎదురుగానూ వెనకగానూ కాక పక్కన ఉండేలా బల్ల తిప్పండి. తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లు ఉదయం స్టాండప్ కాల్ వేళకు కర్టెన్ లాగాల్సిందే. బ్రైట్‌నెస్ ఎంత పెట్టాలంటే, స్క్రీన్ పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. స్క్రీన్ దీపంలా వెలిగితే ఎక్కువ, బూడిదగా కనిపిస్తే తక్కువ.

డార్క్ మోడ్ కళ్లకు విశ్రాంతి అన్నది సగం నిజం. పగలు వెలుతురున్న గదిలో తెల్ల నేపథ్యం మీద నల్ల అక్షరాలే సులువు. కంటి పాప చిన్నదై చూపు పదునుగా ఉంటుంది. నల్ల నేపథ్యంలో పాప పెద్దదై, సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకు తెల్ల అక్షరాలు చుట్టూ పాకినట్టు కనిపిస్తాయి. రూమ్మేటు పడుకున్నాక చీకటి గదిలో పని చేసేవాళ్లకు డార్క్ మోడ్ సరే. అప్పుడూ స్క్రీన్ వెనక గోడ మీద పడేలా చిన్న దీపం ఒకటి ఉండాలి. నైట్ లైట్ పసుపు రంగు నిద్రకు కొంత ఉపయోగపడొచ్చు, కళ్లు లాగడానికి మందు కాదు.

చేతిలో డబ్బు తక్కువగా ఉంటే

పరీక్ష, అవసరమైతే సరైన పవర్ ముందు. తర్వాత స్టాండ్, కీబోర్డు. పొడి అయితే వాటితో పాటే ఒక సీఎంసీ సీసా. మానిటర్ ఆ తర్వాత. బ్లూ కట్‌కు, హ్యూమిడిఫయర్‌కు డబ్బు మిగిలితే అప్పుడు చూసుకోవచ్చు. వర్క్ ఫ్రమ్ హోమ్ అయితే మానిటర్ కోసం ముందు ఆఫీసులో అడగండి. చాలా కంపెనీలు ఇస్తాయి, అడిగేవాళ్లే తక్కువ.

రెండు వారాల్లో వీటితో తేడా లేకపోతే దుకాణం కాదు, కంటి డాక్టరు. ఒక కంట్లోనే తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, దీపాల చుట్టూ రంగుల వలయాలు, మెరుపులతో పాటు నల్ల చుక్కలు ఒక్కసారిగా పెరగడం, బొమ్మ రెండుగా కనిపించడం, చూపు తగ్గడం: వీటికి రెండు వారాలు కాదు కదా, రెండు రోజులు కూడా ఆగొద్దు. బెంగళూరులో ప్రైవేటు ఆసుపత్రులు బోలెడు. ఖర్చు భయం ఉన్నవాళ్లకు కేఆర్ మార్కెట్ దగ్గర చామరాజపేటలో మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. పాత చీటీ, పాత జోడు, వాడుతున్న చుక్కల సీసాలు వెంట తీసుకెళ్లండి. కంటి పాప పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు కనిపించవు, ఎండ మొహాన కొడుతుంది. బండి ఇంట్లోనే వదిలేసి, మెట్రోలోనో తోడు తీసుకుని ఆటోలోనో వెళ్లండి.